బండి ఒక పక్కకి లాగుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలి: పాత కారు స్టీరింగ్, సస్పెన్షన్ తనిఖీ

నా పాత కారుకి ఒకే నెలలో మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాను. మూడుసార్లూ మిషన్ ఇచ్చిన కాగితం మీద అంకెలన్నీ పచ్చగానే, అంటే పరిమితిలోనే ఉన్నాయి. మూడుసార్లూ బండి కుడికి లాగుతూనే ఇంటికొచ్చింది. ఆఖరికి దొంగ దొరికిందెక్కడంటే, కుడి ముందు చక్రం బ్రేకుకి వెళ్లే రబ్బరు గొట్టంలో. పైకి నిక్షేపంగా ఉంది, లోపల మాత్రం వాచి మూసుకుపోయింది. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ లోపలికి వెళ్తోంది, వదిలాక వెనక్కి రావడం లేదు. దాంతో ఆ చక్రానికి బ్రేకు సగం పట్టుకునే ఉంటోంది. నిలబెట్టిన బండి చక్రాల కోణాలు కొలిచే మిషన్‌కి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి. అలైన్‌మెంట్ ఆఖరి పని, మొదటి పని కాదు. దానికన్నా ముందు బండిని ఒక ప్రశ్న అడగాలి: ఎప్పుడు లాగుతున్నావు? ఎప్పుడూనా, బ్రేకు వేసినప్పుడా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, మలుపు తిరిగాకా? సగం జబ్బు ఈ జవాబులోనే బయటపడుతుంది. మిగతా సగానికి జాకీ కావాలి.

ముందు ఫిర్యాదు ఏమిటో తేల్చుకోండి

"స్టీరింగ్ బాగాలేదు" అనే మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. ఒకటి, నిజంగా లాగడం: స్టీరింగ్‌ని తిన్నగా పట్టుకోవడానికి ఎప్పుడూ ఒక పక్కకి బలం పెట్టాల్సి వస్తుంది, వదిలితే రెండో పక్కకి పోతుంది. రెండు, స్టీరింగ్ చక్రం వంకరగా ఉంటుంది గానీ బండి మాత్రం తిన్నగా పోతుంది, చేతికి బలమేమీ తెలియదు. మూడు, బండి తూలుతుంది: కాసేపు ఇటు, కాసేపు అటు, క్షణక్షణం సరిచేసుకుంటూ నడపాలి. నాలుగు, స్టీరింగ్ వణుకుతుంది.

రెండోది ఎక్కువగా ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) సెట్టింగ్ వల్లో, వెనక చక్రాలు పక్కకి చూడటం వల్లో వస్తుంది. మూడోదానికి అరిగిన జాయింట్లు, లూజైన ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలని పక్కకి నెట్టే పళ్ల కడ్డీ), తప్పు టో, గాలి తక్కువ టైర్లు కారణం. నాలుగోది గంటకి 80 నుంచి 110 కిలోమీటర్ల మధ్య ఎక్కువై, వేగం పెంచితే తగ్గుతుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూడండి. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కుల సంగతి చూడండి. ఇక మొదటిదే అసలు కథ, ఎక్కువ పేజీలు దానికే.

రోడ్డు మీద పరీక్ష

రోడ్డు నిజంగా సమతలంగా ఉండదు. నీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. ఎడమ పక్క నడిపే దేశాల్లో బండి కాస్త ఎడమకి జారడం, కుడి పక్క నడిపే చోట కుడికి జారడం సహజం. కాబట్టి ఒకే రోడ్డు మీద ఒకే దిశలో నడిపి తీర్పు చెప్పకండి. ఖాళీగా ఉన్న, వెడల్పైన చోట ముందు ఒక దిశలో, తర్వాత అదే వరస మీద ఎదురు దిశలో నడిపి చూడండి. రెండుసార్లూ బండి ఒకే పక్కకి పోతే తప్పు బండిది. దిశ మారితే లాగే పక్క కూడా మారితే తప్పు రోడ్డుది, ఇంటికెళ్లి టీ తాగండి.

గాలి బలంగా వీచే రోజు ఈ పరీక్ష పెట్టకండి. డిక్కీలో ఒక పక్కన బరువుంటే తీసేయండి. స్టీరింగ్ మీద నుంచి చేతులు పూర్తిగా తీయక్కర్లేదు, వేళ్లు తాకీ తాకనట్టు ఉంచితే చాలు. తర్వాత వరసగా ఇవి గమనించి కాగితం మీద రాసుకోండి.

ఒకే వేగంతో, పెడల్స్ ఏవీ కదపకుండా వెళ్తున్నప్పుడు లాగుతోందా? అలాగైతే టైర్లు, పట్టుకుపోయిన బ్రేకు, క్యాంబర్, క్యాస్టర్ (చక్రం వాలు, స్టీరింగ్ ఇరుసు వాలు; వివరం చివర్లో) తేడాల్లో ఒకటి.

బ్రేకు వేస్తేనే లాగుతోందా? బ్రేకు, లేదా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) బుష్, అంటే దాని కీలులోని రబ్బరు.

యాక్సిలరేటర్ తొక్కితే ఒక పక్కకి, వదిలితే రెండో పక్కకి పోతోందా? ఇది బుష్‌లు చచ్చిపోయాయని బండి మొత్తుకోవడమే. ఇంజన్ ముందు చక్రాలని తిప్పే బళ్లలో రెండు డ్రైవ్ షాఫ్టుల పొడవు వేరుగా ఉంటే గట్టిగా తొక్కినప్పుడు కొద్దిగా లాగడం పుట్టుకతో వచ్చే గుణం. కొత్తగా మొదలైందా, ఎప్పుడూ ఉన్నదేనా అన్నది మీకే తెలియాలి.

ఎడమకి మలుపు తిరిగాక కాసేపు ఎడమకే, కుడికి తిరిగాక కుడికే లాగుతోందా? ఎక్కడో ఏదో బిగుసుకుంది. దీని గురించి కింద విడిగా చెప్తాను.

టైర్లు: అనుమానించాల్సిన మొదటి నిందితులు

గాలి చూడటం అందరికీ తెలిసిన పనే, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి: కనీసం మూడు గంటలు నిలిపి ఉంచాక, లేదా ఒకటిన్నర కిలోమీటరు కన్నా తక్కువ నడిపాక. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు చట్రం మీద గానీ పెట్రోల్ మూత లోపల గానీ అతికించిన కాగితం చెప్తుంది. టైరు గోడ మీద ముద్రించిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ బండికి కావలసింది కాదు. వాతావరణంలో 10 డిగ్రీల సెల్సియస్ తేడాకి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. గాలి తక్కువున్న పక్కకి బండి లాగుతుంది. నాలుగూ ఒకే గేజితో చూడండి. గేజి కాస్త తప్పు చూపినా నాలుగింటికీ ఒకే తప్పు చూపుతుంది, మనకి కావలసింది ఎడమ కుడి సమానంగా ఉండటం.

తర్వాత అరుగుదల చదవండి. బండి గత ఏడాది ఎలా నడిచిందో టైరు మీద రాసి ఉంటుంది. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో తిరిగింది. మధ్య అరిగితే ఎక్కువతో తిరిగింది. ఒక్క అంచే నున్నగా అరిగితే క్యాంబర్ తప్పి ఉండొచ్చు. టో తప్పితే కంటికన్నా చేతికి బాగా తెలుస్తుంది: అరచేతిని టైరు మీద బయటి నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి పామండి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపం పళ్లలా గుచ్చుకుంటే అది టో. తీగలు బయటికి పొడుచుకొచ్చి ఉండొచ్చు, ముందు కంటితో చూశాకే చెయ్యి పెట్టండి. చుట్టూ అక్కడక్కడ గుంటలు పడ్డట్టు ఉంటే షాకబ్జార్బర్లు చక్రాన్ని నేలకి అదిమి పట్టలేకపోతున్నాయన్నమాట.

పాత కార్లలో ఇంకో సంగతి. తక్కువ తిరిగే బండి టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. టైరు గోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైరు చూడటానికి ఎంత బాగున్నా నేను దాన్ని నమ్మను.

ఇప్పుడు అసలు పరీక్ష. టైరు లోపలి బెల్టులు తయారీలో ఒక పక్కకి జరిగి ఉంటే, ఆ టైరు కొంచెం శంకువు ఆకారంలో దొర్లుతుంది. కాఫీ కప్పుని నేల మీద దొర్లించి చూడండి, తిన్నగా పోదు, వంపు తిరుగుతుంది. ఆ టైరూ అంతే. కంటికి కనబడదు, అలైన్‌మెంట్ మిషన్‌కీ కనబడదు. పట్టుకోవడానికి మార్గం ఒక్కటే: ముందు రెండు చక్రాలనీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి అదే రోడ్డు మీద నడపడం. లాగే పక్క తిరగబడితే దోషి టైరే. అదే పక్కకి లాగుతూ ఉంటే టైర్లు నిర్దోషులు, మళ్లీ వాటి జోలికి పోకండి. లాగడం పూర్తిగా పోతే మాత్రం అలాగే ఉంచేసి ఊరుకోవచ్చు, నేనైతే ఊరుకున్నాను. గోడ మీద తిరిగే దిశ బాణం గుర్తు ఉన్న టైర్లని ఇలా పక్కలు మార్చకుండా, అదే పక్కన ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేసి చూడండి.

అరగంట పని ఇది. ఒక్క స్పానరు, జాకీ చాలు. అయినా జనం ఇది చెయ్యకుండా లోయర్ ఆర్మ్‌లు మార్పించేస్తారు.

పట్టుకున్న బ్రేకు

పది పదిహేను కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడపండి. నెమ్మదిగా, దాదాపు బ్రేకు లేకుండానే ఆపండి. దిగి ఒక్కో చక్రం దగ్గర అరచేతిని కాస్త దూరంలో పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. దూరం నుంచి ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే డిస్కు మీదే కొలవండి. ముందు చక్రాలు వెనకవాటికన్నా వేడిగా ఉండటం మామూలే, పోల్చవలసింది ఒకే ఇరుసు మీది ఎడమ కుడి. పది పదిహేను డిగ్రీల తేడాని నేను పట్టించుకోను. ముప్పై దాటితే ఆ చక్రం విప్పాల్సిందే. కాలిన వాసన, ఒక్క రిమ్ మీదే నల్లటి బ్రేకు పొడి కూడా సాక్ష్యాలే.

అనుమానం బలపడితే బండిని జాకీ మీద లేపి, స్టాండ్ పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఆ చక్రాన్ని చేత్తో తిప్పండి. ప్యాడ్ కాస్త రాసుకునే శబ్దం ఉండొచ్చు, కానీ చక్రం తిరగాలి. బిగుసుకుపోతే ఒకసారి బ్రేకు తొక్కించి వదిలించి, కాలిపర్ (ప్యాడ్‌లతో డిస్కుని నొక్కే భాగం) మీది బ్లీడర్ స్క్రూని (ఆయిల్ బయటికి వదిలే మరని) కొద్దిగా వదులు చేయండి. దానికి ముందే స్క్రూకి ఒక చిన్న గొట్టం తగిలించి రెండో కొస సీసాలో పెట్టుకోండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. బ్రేకు ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. స్క్రూ వదలగానే ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే, లోపల ఒత్తిడి బందీ అయిందన్నమాట. ఒక్క చక్రమే అయితే రబ్బరు గొట్టం, రెండూ అయితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే పంపు) వైపు చూడండి. స్క్రూ వదిలినా చక్రం కదలకపోతే కాలిపర్ పిస్టన్ గానీ, కాలిపర్ జారే పిన్నులు గానీ తుప్పు పట్టాయి. పిన్నులైతే శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాస్తే చాలాసార్లు బతుకుతాయి. వెనక చక్రమైతే ముందు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూడండి, చాలాకాలం నిలిచిన బళ్లలో అది వెనక్కి రాకుండా ఇరుక్కుపోతుంది. పని అయ్యాక స్క్రూ బిగించి, ఆయిల్ మట్టం చూసి, గాలి చేరిందనుకుంటే దాన్ని బయటికి తీయకుండా (బ్లీడ్ చేయకుండా) బండి కదపకండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే బండి ఎడమకి పోతుంటే ఎడమ బ్రేకు చెడిందని అనుకుంటాం. కానీ బండి బ్రేకు గట్టిగా పట్టే పక్కకి పోతుంది. అంటే ఎడమది చక్కగా పనిచేస్తూ కుడిది పనిచేయకపోయినా ఎడమకే పోతుంది. కుడి ప్యాడ్ మీద ఆయిలో గ్రీజో పడి ఉండొచ్చు, కుడి కాలిపర్ బిగుసుకుని నొక్కలేకపోతుండొచ్చు. రెండు పక్కలా ప్యాడ్‌ల మందం పోల్చండి. అరగని పక్కన బ్రేకు పనిచేయడం లేదు.

ఎత్తు కొలవడం

సమతలమైన నేల మీద బండి నిలిపి, ఒక్కో చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా కలిసిపోతుంది. ఎడమ కుడి తేడా 10 మిల్లీమీటర్లు దాటితే స్ప్రింగ్ కుంగి ఉండాలి, లేదా విరిగి ఉండాలి. విరిగేది ఎక్కువగా కింది చివరి చుట్టు, అది తన కప్పులోనే పడి ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే తెలియదు. లైటు వేసి వెతకండి. విరిగిన కొస టైరుకి తగిలే దూరంలో ఉంటే ఆ బండి ఇక నడపకండి.

చక్రాలు తిన్నగా ఉంచి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా దూరం కొలవడం కూడా మంచి అలవాటు. ఒక పక్క తక్కువగా ఉంటే ఏదో వెనక్కి నెట్టుకుపోయింది: గుంటలో పడి వంగిన ఆర్మ్, చిరిగిన బుష్, జరిగిన సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే అడుగు చట్రం), ఆకు స్ప్రింగులైతే తెగిన సెంటర్ బోల్ట్. మినహాయింపులు లేకపోలేదు. రెనో 4 అనే పాత ఫ్రెంచి కారులో వెనక టార్షన్ బార్లని (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలని) ఒకదాని వెనక ఒకటి అడ్డంగా పరిచారు, అందుకని ఆ కారు పుట్టుకతోనే ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. మీ బండి అలాంటిది కాదని నిర్ధారించుకున్నాకే కంగారు పడండి.

బానెట్ మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పాత పరీక్ష మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పూర్తిగా చచ్చిన షాకబ్జార్బర్నే అది పట్టుకోగలదు, సగం పోయినవి ఆ పరీక్షలో నెగ్గేస్తాయి. షాకబ్జార్బర్ ఒంటి మీద చూడండి: పలచటి తడి పొర పర్వాలేదు, ఆయిల్ కారి దుమ్ము పట్టి ముద్దలా ఉంటే మార్చాలి. మారిస్తే ఒకే ఇరుసు మీది రెండూ కలిపి మార్చాలి.

చక్రం ఎత్తి ఊపడం

ఇక్కడ తొందర పనికిరాదు. గట్టి సమతల నేల, కదలకుండా చక్రాలకి అడ్డం, జాకీతో లేపాక తప్పనిసరిగా స్టాండ్లు. జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న బండి కిందకి తల కూడా పెట్టకండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు.

చక్రం గాల్లో ఉండగా పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి, గడియారంలో 12, 6 స్థానాలనుకోండి, ఒకటి లాగుతూ ఒకటి నెడుతూ గట్టిగా ఊపండి. 'టక్' మని ఆట తెలిస్తే వీల్ బేరింగ్ లేదా బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రానికి కలిపే గుండ్రటి కీలు). రెండింట్లో ఏదో తేల్చడానికి ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కించండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగ్, బ్రేకు తొక్కినా ఆట ఉంటే బాల్ జాయింట్ లేదా స్ట్రట్ (స్ప్రింగ్, షాకబ్జార్బర్ కలిసిన నిలువు కాలు) దగ్గర. తర్వాత 9, 3 స్థానాల్లో పట్టుకుని అదే పని చేయండి. ఇక్కడ మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండ్ (ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ బయటి కీలు), ర్యాక్ ఎండ్ (దాని లోపలి కీలు), లేదా ర్యాక్.

బాల్ జాయింట్ చూసేటప్పుడు జాకీ ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. చాలా చిన్న కార్లలో ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికలో బరువంతా స్ట్రట్ ద్వారా పైకి పోతుంది, కింది బాల్ జాయింట్ మీద బండి బరువు పడదు. కాబట్టి బాడీ దగ్గర లేపి చక్రాన్ని వేలాడనిస్తే చాలు. పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లుండి, స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చునే డబుల్ విష్‌బోన్ అమరికలో మాత్రం బాడీ దగ్గర లేపితే స్ప్రింగ్ బలం జాయింట్‌ని బిగించి పట్టేస్తుంది, పూర్తిగా అరిగిన జాయింట్ కూడా కొత్తదానిలా అనిపిస్తుంది. అక్కడ జాకీని కింది ఆర్మ్ కిందే పెట్టి లేపాలి. టైరు కింద కడ్డీ పెట్టి పైకి ఎత్తి చూస్తే నిలువు ఆట తెలుస్తుంది. బాల్ జాయింట్‌లో స్పష్టంగా ఆట కనిపిస్తే ఆ బండిని రోడ్డు మీదకి తీయకండి. అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ అనేదే ఉండదు.

టై రాడ్ ఎండ్‌కి నేను ఎక్కువగా నమ్మేది నేల మీద చేసే పరీక్ష. బండి నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండగా, లోపల ఒకరు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా, ఒక అంగుళం ఇటు ఒక అంగుళం అటు, గబగబా ఆడిస్తుంటే మీరు ముందు నుంచి ఒంగి చూస్తూ జాయింట్ మీద వేలు ఆనించండి. చక్రాల మీది బరువు ఎదురొడ్డుతుంది కాబట్టి అరిగిన జాయింట్ వేలి కింద కదులుతుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు దొరకని లూజు ఇక్కడ దొరుకుతుంది. టై రాడ్ మీద బయటికి కనబడే మరల (థ్రెడ్ల) పొడవు రెండు పక్కలా ఇంచుమించు సమానంగా ఉందా కూడా చూడండి. బాగా తేడా ఉంటే, గతంలో ఎవరో ఒక్క పక్కే తిప్పి టో సరిపెట్టారు, లేదా ఏదో వంగింది.

బుష్‌లు, బిగుసుకున్న మౌంట్లు

పాత కార్లలో ఎక్కువగా మోసం చేసేది లోయర్ ఆర్మ్ వెనక బుష్. బండి నిలబడి ఉన్నప్పుడు అది తన చోటే ఉంటుంది, అందుకే అలైన్‌మెంట్ అంకెలు సరిగ్గా వస్తాయి. బ్రేకు వేయగానే చక్రం వెనక్కి పోతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ముందుకొస్తుంది. చక్రంతోపాటు కోణాలూ మారిపోతాయి. కడ్డీ పెట్టి మెల్లగా కదిపి చూడండి. రబ్బరు కాబట్టి కొంత కదలాలి. కానీ పగులు విచ్చుకోవడం, లోహం లోహాన్ని తాకడం, రెండు పక్కల మధ్య స్పష్టమైన తేడా ఉంటే మార్చాలి. కొన్ని బుష్‌ల లోపల ద్రవం నింపుతారు, అవి చిట్లితే చుట్టూ నల్లటి మరక కారుతుంది.

మలుపు తర్వాత అదే పక్కకి లాగే జబ్బుకి ముందు స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్ చూడండి. స్ప్రింగ్ మీద వేళ్లు తేలిగ్గా ఆనించి, చుట్ల మధ్యలో దూర్చకుండా, లోపలున్నవాళ్లని స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పమనండి. స్ప్రింగ్ సాఫీగా తిరగాలి. మెలితిరిగి ఒక్కసారిగా 'టంగ్' మని విడుదలైతే బేరింగ్ పట్టేసింది. అక్కడ బాగుంటే బిగుసుకున్న బాల్ జాయింట్, స్టీరింగ్ షాఫ్ట్ మీది తుప్పు పట్టిన యూనివర్సల్ జాయింట్ అనుమానించండి. రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు దూరిన జాయింట్లు మొదట బిగుస్తాయి, తర్వాతే లూజవుతాయి. కొత్త జాయింట్ వేయించుకున్న వెంటనే ఈ జబ్బు మొదలైతే బుష్‌లు తప్పు స్థానంలో బిగించారేమో అడగండి, ఆ సంగతి కిందుంది.

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉంటే ఇంకొక్కటి: ముందు రెండు చక్రాలూ స్టాండ్ల మీద ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. ఎవరూ ముట్టుకోకుండానే స్టీరింగ్ ఒక పక్కకి తిరిగిపోతే లోపం ర్యాక్ వాల్వ్‌లో ఉంది. నడుస్తున్న బండి ఇంజన్ ఆపేసి ఇది చూడమని కొందరు చెప్తారు, వినకండి. స్టీరింగ్ తాళం పడితే అంతే.

చప్పుళ్లు

చిన్న చిన్న గతుకుల మీద 'టకటక' అంటే ముందు స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగడం తగ్గించే కడ్డీ) లింకులు. చవకైనవి, మార్చడం తేలిక, మొదట వాటినే చూడండి. బ్రేకు వేసిన క్షణాన 'దబ్' మంటే ఆర్మ్ బుష్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు 'కటకట' అంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్. బండి పైకీ కిందకీ ఊగితే 'కిర్రు' మంటుంటే ఒక్కో బుష్ మీద విడివిడిగా నీళ్లు చల్లి ఊపండి; నీళ్లు పడ్డాక ఏ బుష్ దగ్గర చప్పుడు ఆగిందో అదే. వేగంతోపాటు పెరిగే గురగుర శబ్దం బేరింగ్‌ది కావచ్చు: మెల్లగా కుడికి వంపు తీస్తే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, అప్పుడు శబ్దం పెరిగితే ఎడమ బేరింగ్.

మార్చేటప్పుడు జరిగే తప్పులు

రబ్బరు బుష్‌ల బోల్టులని చక్రం వేలాడుతుండగా చివరిదాకా బిగించకూడదు. అలా బిగిస్తే బండి కిందకి దిగిన క్షణం నుంచీ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. బండి ఎత్తుగా నిలబడుతుంది, కొత్త బుష్ కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. వదులుగా బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, అంటే ర్యాంపు మీద గానీ ఆర్మ్ కింద జాకీతో మామూలు ఎత్తుకి లేపి గానీ, చివరి బిగింపు ఇవ్వాలి. పని చేయించుకునేటప్పుడు దగ్గర నిలబడి చూడాల్సిన విషయం ఇదొక్కటే అయినా సరే నిలబడండి.

టై రాడ్ ఎండ్ విప్పేముందు ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టి కొత్తదాన్ని అన్ని చుట్లే ఎక్కించండి. దాంతో అలైన్‌మెంట్ చేయించే చోటికి వెళ్లేంతవరకూ బండి నడుస్తుంది. కాటర్ పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టు ఇంకాస్త బిగించాలి, వెనక్కి వదలకూడదు. స్ట్రట్ మీది స్ప్రింగ్ విప్పడం మాత్రం సరైన కంప్రెసర్, అనుభవం లేకుండా ముట్టుకోవద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగ్ జారితే మనిషిని చంపగలదు.

ఇప్పుడు అలైన్‌మెంట్

నాలుగు చక్రాలకీ చేయించండి, సర్దకముందు కాగితం, సర్దాక కాగితం రెండూ అడిగి తీసుకోండి. చదవడం కష్టం కాదు. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం. బండి ఏ పక్క క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉంటే ఆ పక్కకి లాగుతుంది. క్యాస్టర్ అంటే పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం. అది తక్కువ పాజిటివ్‌గా ఉన్న పక్కకి లాగుతుంది. ఎడమ కుడి తేడా అర డిగ్రీ దాటితే చేతికి తెలిసే అవకాశం ఎక్కువ. ముందు టో బండిని ఒక పక్కకి లాగదు, ఎందుకంటే నడుస్తున్నప్పుడు రెండు చక్రాలూ తేడాని సమానంగా పంచుకుంటాయి. అది టైర్లని తింటుంది, బండిని తూలిస్తుంది, అంతే. వెనక టో ఒక పక్కకి ఉంటే థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు బండిని నెట్టే దిశ) తప్పుతుంది, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, బండి కుక్క పరుగులా వాలుగా పోతుంది.

చాలా కార్లలో కంపెనీ సర్దుబాటు ఇచ్చేది టోకి మాత్రమే. క్యాంబర్, క్యాస్టర్ ఎర్రగా కనబడుతున్నా టో పచ్చగా చేసి బండి ఇచ్చేస్తారు. ఎర్రగా ఉన్న కోణానికి సర్దుబాటు లేకపోతే అక్కడ ఏదో వంగిందనో, కుంగిందనో, జరిగిందనో అర్థం. ఆ ముక్క ఏదో తెలుసుకోవడానికి ఎస్ఏఐ అనే కోణం (ముందు నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు లోపలికి వాలిన కోణం), దానికి క్యాంబర్ కలిపితే వచ్చే ఇన్‌క్లూడెడ్ యాంగిల్ కూడా కాగితం మీద వేయమనండి. ఇన్‌క్లూడెడ్ యాంగిల్ రెండు పక్కలా వేరుగా ఉంటే స్ట్రట్ గానీ, చక్రం బిగించే నకుల్ గానీ వంగింది. అది సమానంగా ఉండి ఎస్ఏఐ మాత్రమే తేడాగా ఉంటే ముక్కలు తిన్నగానే ఉన్నాయి, అవి బిగించిన చోటు జరిగింది: సబ్‌ఫ్రేమ్ లేదా స్ట్రట్ టవర్ (స్ట్రట్ పై కొస బిగించే బాడీ భాగం). గుద్దుకున్న చరిత్ర దాచి అమ్మిన బండి ఇక్కడే దొరికిపోతుంది.

అన్నీ అయ్యాక మొదట పరీక్షించిన అదే రోడ్డు మీద, రెండు దిశల్లోనూ మళ్లీ నడపండి. మొదట రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో వరసా పోల్చండి. చక్రాలు విప్పి బిగించారు కాబట్టి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ టార్క్ రెంచితో మరోసారి చూడండి.